శరణార్థుల పౌరసత్వం, ‘మంచి నడవడిక’: కోనసీమ నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

అమలాపురం కోర్టు దగ్గర నోటరీగా కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నడవడిక గురించి ప్రమాణపత్రం కావాలని ఎవరో ఒకరు రోజూ వస్తూనే ఉంటారు. ఈమధ్య మాత్రం ఫోన్లలో కొత్త రకం ప్రశ్నలు వస్తున్నాయి. బ్రిటన్‌లో నర్సులుగా, ఇంజినీర్లుగా స్థిరపడ్డ మన పిల్లలు అడుగుతున్నవి అవి. పక్కింటి శరణార్థి పౌరసత్వానికి అప్లై చేసుకుంటోందట, ఆవిడ మంచి మనిషేనని వీళ్లని సంతకం పెట్టమందట. మా అక్క కూతురు లీడ్స్ నుంచి చేసిన ఫోన్‌తో ఇది మొదలైంది. ఒకే జవాబు పదిమందికి చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను బ్రిటన్ లాయరును కాను. కాబట్టి ఇది విషయం తెలుసుకోవడానికే, ఎవరి కేసుకూ సలహా కాదు.

గుడ్ క్యారెక్టర్ అంటే ఏమిటండీ? చట్టంలో రాసి ఉంటుందా?

రాసి లేదు. బ్రిటన్‌లో పౌరసత్వానికి ఆధారం 1981 నాటి జాతీయతా చట్టం. అప్లై చేసేవాళ్లు మంచి నడవడిక కలవాళ్లై ఉండాలని అది అడుగుతుంది గానీ, మంచి నడవడిక అంటే ఏమిటో ఎక్కడా చెప్పదు. ఆ వివరమంతా హోం ఆఫీస్ (అక్కడి హోంశాఖ) తన అధికారుల కోసం రాసుకున్న మార్గదర్శకాల్లో ఉంటుంది. చట్టం మార్చాలంటే పార్లమెంటుకు వెళ్లాలి. మార్గదర్శకాలకు అంత తతంగం అక్కర్లేదు, రాత్రికి రాత్రే మారిపోవచ్చు. 2025 ఫిబ్రవరిలో అలాగే మారాయి, ఆ సంగతి కింద చెప్తాను.

ఒకప్పుడు తిరస్కరించినా కారణం చెప్పనక్కర్లేదని ఆ చట్టమే అనేది. లండన్‌లో హారడ్స్ దుకాణం యజమానులైన అల్ ఫాయెద్ సోదరులకు పౌరసత్వం ఇవ్వనప్పుడు వాళ్లు కోర్టుకెక్కారు. వాళ్లు శరణార్థులు కారు, బాగా డబ్బున్నవాళ్లు. అయినా ఆ కేసు అందరికీ పనికొచ్చింది. కారణం చెప్పకపోయినా సరే, ఏ విషయంలో అనుమానం ఉందో ముందుగా తెలియజేసి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1996లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. కారణం చెప్పనక్కర్లేదన్న ఆ నిబంధన కూడా 2002 చట్టంతో పోయింది.

మరి ఏమేం చూస్తారు?

ముందు నేరాలు చూస్తారు. పన్నెండు నెలలు గానీ అంతకు మించి గానీ జైలుశిక్ష పడితే మామూలుగా తిరస్కరిస్తారు. అంతకంటే తక్కువ శిక్షయితే మొత్తం మనిషిని చూసి, మొగ్గు ఎటువైపు ఉందో తేల్చుకుంటారు. యుద్ధ నేరాల్లో, ఉగ్రవాదంలో పాలుపంచుకున్నవాళ్లకు దారి మూసుకుపోయినట్టే. యుద్ధం జరిగిన దేశాల నుంచి వచ్చినవాళ్లను ఈ విషయంలో గుచ్చి గుచ్చి అడుగుతారు. ఒకప్పుడు బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్లారంటే ఆ సంగతి కూడా చెప్పాల్సిందే.

తర్వాత డబ్బు వ్యవహారాలు: పన్ను ఎగ్గొట్టారా, దివాలా తీశారా, కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) బాకీ ఉందా, ఆసుపత్రి బిల్లు కట్టలేదా. ఆ తర్వాత నిజాయితీ. ప్రభుత్వానికి గత పదేళ్లలో అబద్ధం చెప్పి ఏదైనా పొంది ఉంటే చాలా ఇబ్బంది. నేను చూసినంతలో చేసిన తప్పు కంటే దాన్ని దాచడమే మనుషుల్ని ఎక్కువగా ముంచుతుంది. ఇక చివరిది, ఇప్పుడు అన్నిటికంటే బరువైనది, దేశంలోకి ఎలా వచ్చారన్నది.

పడవలోనో లారీలోనో వచ్చినవాళ్లకు ఇక పౌరసత్వం రాదని విన్నాం, నిజమేనా?

చాలావరకు నిజం. 2025 ఫిబ్రవరి 10 నుంచి పెట్టుకున్న దరఖాస్తుల్లో, అక్రమంగా దేశంలోకి వచ్చినవాళ్లను ఎన్నేళ్లయినా సరే మామూలుగా తిరస్కరిస్తారు. ప్రమాదకర ప్రయాణం అని ఇంకో మాట కూడా చేర్చారు. చిన్న పడవలో సముద్రం దాటడం, లారీలో దాక్కుని రావడం అందులోకి వస్తాయి. మామూలు విమానంలో టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రయాణం దాని కిందికి రాదు. అంతకుముందు అక్రమ ప్రవేశం జరిగి పదేళ్లు దాటితే దాన్ని సాధారణంగా పక్కన పెట్టేవారు. ఇప్పుడు ఆ పదేళ్ల వెసులుబాటు పోయింది. తప్పనిసరి పరిస్థితుల్లో మినహాయింపు ఇచ్చే అధికారం మాత్రం అధికారి చేతిలో ఇంకా ఉంది.

ఇందులో పెద్ద చిక్కు ఒకటుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందాన్ని రాసినవాళ్లలో బ్రిటన్ ఒకటి. ప్రాణభయం ఉన్న చోటి నుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వెళ్లి, సరైన కారణం చూపించిన శరణార్థిని అక్రమంగా వచ్చినందుకు శిక్షించకూడదని ఆ ఒప్పందం 31వ అధికరణం చెబుతుంది. శరణార్థులకు పౌరసత్వం వీలైనంత సులువు చేయాలి, ఖర్చులు తగ్గించాలి అని 34వ అధికరణం అంటుంది. పౌరసత్వం ఇవ్వకపోవడం శిక్ష కిందికి రాదని ప్రభుత్వం వాదించవచ్చు. కానీ ఒకసారి నీకు ప్రాణభయం నిజమేనని ఒప్పుకుని, ఆశ్రయం ఇచ్చి, స్థిరనివాసం కూడా ఇచ్చిన మనిషిని ‘నువ్వు వచ్చిన దారి బాగోలేదు కాబట్టి నీ గుణం బాగోలేదు’ అనడం నాకు ఏ కోశానా న్యాయంగా అనిపించదు. ఆ మనిషికి వీసా ఇచ్చే కార్యాలయం ఏదీ తన ఊళ్లో తెరిచి ఉండదు. దారి ఆ మనిషి ఎంచుకున్నది కాదు.

నాకు ఇంత గట్టిగా ఎందుకు అనిపిస్తుందో చెప్తాను. మా తాతమ్మది తాళ్లరేవు దగ్గర ఊరు. పక్కనే కోరంగి. ఒకప్పుడు ఆ రేవు నుంచి జనం రంగూన్ వెళ్లేవారు, ఎంతమంది వెళ్లారంటే బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు పడిపోయింది. మన పాత లోగిళ్లలో స్తంభాలకు బర్మా టేకు వచ్చింది కూడా ఆ రాకపోకల వల్లే. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షల మంది మనవాళ్లు కాలినడకన బయల్దేరారు. తాతమ్మ ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి, ఒడ్డుకొచ్చి, దొరికిన పడవెక్కి చిట్టగాంగ్ చేరింది. చంకలో రెండేళ్ల కొడుకు, కొంగులో ముడేసుకున్న రెండు గాజులు. ఆ రెండు గాజుల్లో ఒకటి పడవవాడికిచ్చింది. రెండోది నేను చిన్నప్పుడు ఆవిడ చేతికే చూశాను, ఒక్క చేతికి ఒక్క గాజు. అడిగితే ‘ఇంకోటి పడవ ఛార్జీ’ అనేది. ఆవిడ వచ్చింది తన సొంత దేశానికే, కాబట్టి చట్టం ప్రకారం ఈ రెండు కేసులూ ఒకటి కాదు. పోలిక ఆ దారి వరకే. కానీ ఊళ్లో ఎవరూ ఆవిడ ఏ పడవలో వచ్చిందో చూసి మంచిదో చెడ్డదో తేల్చలేదు. తర్వాత నలభై ఏళ్లు ఎలా బతికిందో చూశారు.

చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చిన పిల్లల మాటేమిటి?

బ్రిటన్‌లో పదేళ్లు నిండిన పిల్లలకు కూడా మంచి నడవడిక నిబంధన ఉంది. పదేళ్ల పిల్లాడికి గుణపరీక్ష ఏమిటి అని మీకు అనిపిస్తే, నాకూ అలాగే అనిపించింది. ఇంగ్లండ్‌లో నేరబాధ్యత మొదలయ్యే వయసు పదేళ్లు, దాన్ని బట్టి పెట్టారు. అయితే పడవ ఎక్కాలా వద్దా అన్నది పిల్లల చేతిలో ఉండదు కాబట్టి అధికారులు ఆ విషయాన్ని వేరుగా చూడాలి. పిల్లల కేసు ఏదైనా అప్లై చేసే ముందే తెలిసిన లాయరుకు చూపించండి.

పక్కింటావిడ కోసం నేను రెఫరీగా సంతకం పెట్టొచ్చా?

మా అక్క కూతురు మొదట అడిగింది ఇదే. ‘పిన్నీ, రేపు ఆవిడకేమైనా అయితే నా మీదకొస్తుందా? టెన్షన్‌గా ఉంది’ అంది.

దరఖాస్తుకు ఇద్దరు రెఫరీలు, అంటే ఆ మనిషిని ఎరుగుదుమని సంతకం పెట్టేవాళ్లు, కావాలి. ఇద్దరూ కనీసం మూడేళ్లుగా ఆ మనిషిని స్వయంగా ఎరిగినవాళ్లై ఉండాలి. ఒకరు గుర్తింపు ఉన్న వృత్తిలో ఉండాలి. టీచర్లు, నర్సులు, వృత్తి అర్హత ఉన్న ఇంజినీర్లు లాంటివాళ్లు ఎవరైనా ఇందుకు సరిపోతారు, ఏ దేశస్థులైనా ఫరవాలేదు. ఇంకొకరికి సాధారణంగా బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండాలి, వాళ్లు వృత్తి నిపుణులై గానీ పాతికేళ్లు దాటినవాళ్లై గానీ ఉండాలి. దరఖాస్తుదారుకు గానీ రెండో రెఫరీకి గానీ చుట్టం కాకూడదు. ఆ కేసు చూస్తున్న లాయరు కాకూడదు, హోం ఆఫీస్ ఉద్యోగి కాకూడదు. కాబట్టి మన భారత పాస్‌పోర్ట్ ఉన్న నర్సమ్మ నిశ్చింతగా మొదటి రెఫరీ కావచ్చు.

మీరు హామీ ఇస్తున్నది మీకు తెలిసినంత వరకే. ఆవిడ రేపు చేసే పనులకు మీరు జామీను కాదు. మన ఊళ్లో బ్యాంకు లోనుకు ష్యూరిటీ సంతకం లాంటిది కాదిది, ఆ భయం పెట్టుకోకండి. తప్పని తెలిసి అబద్ధం మీద సంతకం పెడితే మాత్రం నేరం. మూడేళ్లు కాకపోతే మూడేళ్లని రాయకండి. ‘ఒక్క నెలే కదా తక్కువ’ అని ఒకరన్నారు. ఆ ఒక్క నెలే రేపు ఆ శరణార్థి దరఖాస్తునే అనుమానంలో పడేస్తుంది.

ఇంకోమాట. సంతకం వరకు సరే, కానీ ‘నువ్విలా రాయి, అలా రాయకు’ అని సలహాలు ఇవ్వడం వేరు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఒక పనిగా పెట్టుకుంటే, డబ్బు తీసుకోకపోయినా, 1999 చట్టం ప్రకారం అది నేరం. మన తెలుగు సంఘాలు మంచి మనసుతోనే హెల్ప్‌డెస్కులు పెడుతున్నాయి. కొంచెం చూసుకోండి.

ట్రాఫిక్ ఫైన్ పడింది, కౌన్సిల్ ట్యాక్స్ ఒకసారి ఆలస్యమైంది. ఇవి కూడా లెక్కలోకి వస్తాయా?

ఒకటి అరా స్పీడింగ్ ఫైన్ పడి, కట్టేసి ఉంటే సాధారణంగా ఏమీ కాదు. వరసగా పడితే, కట్టకుండా కోర్టుదాకా వెళితే చూస్తారు. ట్యాక్స్ బాకీ ఉంటే వాయిదాల ఒప్పందం చేసుకుని, కడుతున్నట్టు రసీదులు జత చేయండి. ఏదైనా సరే, ఫారంలో అడిగిన చోట రాసేయండి.

కాగితాలన్నీ పోయాయి. స్వదేశం నుంచి పోలీసు సర్టిఫికెట్ తెప్పించాలా?

తొందరపడకండి. ఏ ప్రభుత్వం నుంచి పారిపోయి వచ్చారో ఆ ప్రభుత్వాన్నే సర్టిఫికెట్ అడగడం ప్రమాదం. అక్కడున్న బంధువులకు ముప్పు రావచ్చు. ఆ దేశపు పాస్‌పోర్ట్ తీసుకుంటే బ్రిటన్‌లో ఉన్న శరణార్థి హోదాకే ఎసరు రావచ్చు, ఎందుకంటే స్వదేశపు రక్షణను మళ్లీ కోరుకున్నవాళ్లకు ఆ హోదా ఆగిపోతుందని 1951 ఒప్పందంలోనే ఉంది. ముందు లాయరును అడగండి.

కాగితం లేని మనిషిని అనుమానంగా చూడటం సులువు. మన కోనసీమవాళ్లకు మాత్రం ఆ బాధ వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. మర్నాడు మా వీధిలో బట్టలు ఆరేసే తీగకు క్లిప్పులు పెట్టి పదో తరగతి సర్టిఫికెట్లు ఆరబెట్టారు. మా తమ్ముడిది ఆరింది గానీ సిరా అంతా కారిపోయి, గుండ్రటి స్టాంపు ఉన్న చోట ఊదారంగు మరక ఒక్కటే మిగిలింది. స్కూలు రిజిస్టరు కూడా నానిపోయింది. చదివినట్టు రుజువు చేసుకోవడానికి హెడ్‌మాస్టారు గారు, ఇద్దరు తోటి విద్యార్థులు ప్రమాణపత్రాలు ఇవ్వాల్సి వచ్చింది. ఊరు ఊరంతా ఉంది కాబట్టి సరిపోయింది. దేశమే వదిలేసి వచ్చినవాళ్లకు ఆ హెడ్‌మాస్టారు ఎక్కడ దొరుకుతారు?

అందుకే ఆ కొత్త దేశంలో పోగయ్యే కాగితాలు జాగ్రత్త చేయమంటాను: ఉద్యోగం ఇచ్చినవాళ్ల లేఖ, పిల్లల స్కూలు లేఖ, పన్ను కట్టిన పత్రాలు, ఆశ్రయం కోరినప్పటి వాంగ్మూలం కాపీ. ఈ ఆఖరిది ముఖ్యం. అప్పుడు చెప్పిన తేదీలు, ఇప్పుడు రాసే తేదీలు కలవాలి. భయంలో అప్పుడు తప్పు చెప్పి ఉంటే, ఇప్పుడు కారణంతో సహా సరిదిద్దుకోండి.

మన దేశంలో శరణార్థికి పౌరసత్వం కావాలన్నా ఇలాగే చూస్తారా?

మన దేశం 1951 ఒప్పందంలో చేరలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా లేదు. అయినా ఈ మాట మన చట్టంలోనూ ఉంది. 1955 పౌరసత్వ చట్టం మూడో షెడ్యూలులో, సహజీకరణ ద్వారా (అంటే ఏళ్లకొద్దీ ఇక్కడ నివసించిన ఆధారంతో) పౌరసత్వం కోరే విదేశీయులు మంచి నడవడిక కలవాళ్లై ఉండాలని ఉంది. దాని పక్కనే ఇంకో షరతు: రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాష తగినంత తెలిసి ఉండాలి. తెలుగు అందులో ఉంది. అంటే మన రాజోలులోనో పాలకొల్లులోనో ఏళ్లకొద్దీ బతికి తెలుగు నేర్చుకున్న మనిషికి హిందీ రాకపోయినా ఆ షరతు తీరినట్టే. ఇది చాలామందికి తెలియదు.

నివాసం విషయంలో, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలి, దానికి ముందు పద్నాలుగేళ్లలో మొత్తం పదకొండేళ్లు ఉండాలి. 2019 సవరణతో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవులకు ఆ పదకొండేళ్లు అయిదయ్యాయి. 2024 మార్చి 11న వచ్చిన నియమాల్లో, దరఖాస్తుదారు నడవడిక గురించి ఒక భారత పౌరుడు ప్రమాణపత్రం ఇవ్వాలని ఉంది. శ్రీలంక తమిళులకు, బర్మా నుంచి వచ్చినవాళ్లకు, ఆ మూడు దేశాల ముస్లింలకు ఈ వెసులుబాటు వర్తించదు. బర్మా కాందిశీకులు అనే మాట వింటూ పెరిగిన నాకు ఆ గీత అక్కడ గీయడం బాధగానే ఉంటుంది.

మా తాతగారు యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నారు. అప్పుడు నడవడిక ఎవరూ అడగలేదట?

అడగలేదు. యానాం 1954లో మన పాలనలోకి వచ్చినా, ఫ్రాన్సుతో అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవాళ్లు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెబితే ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చు. అది ఉన్న పౌరసత్వాన్ని నిలుపుకోవడం. కొత్తగా అడిగేవాళ్ల సంగతి వేరు, ఫ్రాన్సు పౌరస్మృతి కూడా మంచి జీవితం, మంచి నడత ఉండాలనే అంటుంది. అయితే గుర్తింపు పొందిన శరణార్థులకు అక్కడ అయిదేళ్ల నివాస షరతు నుంచి మినహాయింపు ఉంది. 34వ అధికరణం చెప్పిన ‘సులువు చేయడం’ అంటే ఇలాంటిదే.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో?

అమెరికాలో ‘మంచి నైతిక నడవడిక’ను సాధారణంగా దరఖాస్తుకు ముందు అయిదేళ్లకు చూస్తారు. అంతకు ముందుది కూడా చూసే అధికారం ఉంది. శరణార్థిగా దేశంలోకి తీసుకున్నవాళ్లకు గ్రీన్‌కార్డు వచ్చాక, దాని తేదీని దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచే లెక్కిస్తారు.

ఆస్ట్రేలియాలో తిరస్కరణ కంటే ఎదురుచూపులు ఎక్కువ బాధపెట్టాయి. అఫ్గానిస్తాన్‌లో మైనారిటీ తెగ అయిన హజారాలకు చెందిన ఇద్దరు శరణార్థుల దరఖాస్తులను తేల్చకుండా ఉంచినందుకు, ఆ ఆలస్యం అసమంజసమని 2016 డిసెంబరులో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. తిరస్కరిస్తే పోరాడటానికి ఒక కాగితమైనా ఉంటుంది. ఏమీ చెప్పకుండా నాన్చితే దేని మీద పోరాడాలి?

బ్రిటన్‌లో తిరస్కరిస్తే ఉన్న హోదా కూడా పోతుందా?

పౌరసత్వం రానంత మాత్రాన స్థిరనివాసం పోదు. దరఖాస్తు పరిశీలనలో మోసం బయటపడితే అది వేరే సంగతి. ఈ తిరస్కరణ మీద అప్పీలు హక్కు లేదు. పునఃపరిశీలన కోరవచ్చు, లేదా నిర్ణయం చట్టబద్ధమా కాదా అని హైకోర్టులో సవాలు చేయవచ్చు. కట్టిన ఫీజు వెయ్యిన్నర పౌండ్లకు పైనే ఉంటుంది, అది తిరిగి రాదు. కేర్ హోములో రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టిన డబ్బు అది. అందుకే లారీలోనో పడవలోనో వచ్చినవాళ్లు ఇప్పుడు ఫీజు కట్టే ముందే రిజిస్టర్డ్ సలహాదారును కలవాలి.

సంతకంతో పాటు మద్దతు లేఖ రాయమన్నారు. ఏం రాయాలి?

రెఫరీ ఫారం వేరు, ఈ లేఖ వేరు. ఇది తప్పనిసరి కాదు, కానీ మినహాయింపు అడిగే కేసులో పనికొస్తుంది. ‘ఆమె చాలా మంచిది, నిజాయితీపరురాలు’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అలాంటి వాక్యాలు అధికారి రోజుకు వంద చదువుతారు. మీ కళ్లతో చూసింది రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది. తేదీ గుర్తుంటే తేదీ, లేకపోతే నెల.

మా అక్క కూతురు రాసిన మొదటి లేఖలో విశేషణాలే ఉన్నాయి. ఫోన్ పెట్టకుండా, ఆవిడతో నీకు గుర్తున్నది ఏదైనా చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది. ఆ పక్కింటావిడది ఎరిత్రియా, 2017లో లారీలో దాక్కుని వచ్చింది. మూడేళ్ల కిందట చలికాలంలో మా పిల్లకు నైట్ డ్యూటీ పడ్డప్పుడు, దాని కూతురికి జ్వరం వస్తే ఆవిడ రాత్రంతా కూర్చుంది. గంటగంటకూ ఎంత జ్వరం ఉందో, మందు ఎప్పుడు వేసిందో పాల బిల్లు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టింది. ఇంగ్లీషు అప్పటికి సరిగా రాదు, అంకెలు మాత్రం ఉన్నాయి. పొద్దున్న ఇచ్చిన డబ్బు తీసుకోలేదు. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉందట.

‘అదే రాయవే’ అన్నాను. అది రాసింది. కాగితం ఫోటో కూడా జత చేసింది. ఆవిడ ఇంకా ఫీజు కట్టలేదు. వచ్చే వారం లాయరు అపాయింట్‌మెంట్ ఉంది, మా పిల్ల సెలవు పెట్టి తోడు వెళుతోంది.